టెక్ సందేహాలు: సైట్‌లో కనపడని పెట్రోల్ ట్యాంకు

ప్రశ్న: రాజాం దగ్గర రోడ్డు పక్కన నలభై సెంట్లు కొందామనుకుంటున్నాం సర్. అక్కడ ఒకప్పుడు పెట్రోల్ బంకు ఉండేదని ఊళ్లో పెద్దవాళ్లు అంటున్నారు, అమ్మేవాళ్లేమో అదేం లేదంటున్నారు. ప్రభుత్వ భూ రికార్డుల సైట్ మీభూమిలో ఏమీ కనపడలేదు. అమెరికాలో ఉన్న మా అబ్బాయి అక్కడైతే మ్యాప్‌లోనే తెలిసిపోతుందంటున్నాడు. పాత ట్యాంకుల వివరాలు ఏ సైట్‌లో చూడాలి?

ఒక్క సైట్‌లో చూసి తేల్చుకునే పని కాదండీ ఇది. మూతపడ్డ బంకులు, పాత రైసు మిల్లుల స్థలాల గురించి ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది, అందరూ మీభూమి దగ్గరే ఆగిపోతున్నారు. అడంగల్‌లో, 1బిలో భూమి ఎవరిది, ఎంత, ఏం పంట అన్నదే ఉంటుంది. నేల కింద ఏముందో దానికేం పట్టింది?

ముందు ఈసీ, అంటే ఆ స్థలం మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా తీయండి. బంకుల స్థలం చాలాచోట్ల ఆయిల్ కంపెనీకి లీజుకిచ్చిందే అయి ఉంటుంది. ఏడాది దాటిన లీజును రిజిస్టర్ చేయాలి కాబట్టి అది ఈసీలో పడుతుంది. ఆన్‌లైన్‌లో 1983 నుంచే దొరుకుతుంది, అంతకు ముందుదైతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లాల్సిందే. రీసర్వే అయిన ఊరైతే రీసర్వేలో ఇచ్చిన కొత్త ఎల్‌పీఎం నంబరుతో వెతికి లాభం లేదు, పాత లీజు పాత సర్వే నంబరు మీదే ఉంటుంది. సొంత స్థలంలో డీలరే బంకు పెట్టుకుని ఉంటే మాత్రం ఈసీలో లీజన్నదే ఉండదు.

అప్పుడు ఆర్టీఐ, అంటే సమాచార హక్కు దరఖాస్తు. బంకుకు కలెక్టర్ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) ఇస్తేనే నాగపూర్ కేంద్రంగా ఉన్న పెసో, అంటే పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ, లైసెన్సు ఇస్తుంది. రాజాం 2022 ఏప్రిల్ 4న విజయనగరం జిల్లాలోకి వచ్చింది, అందుకని పాత ఎన్‌ఓసీ ఫైలు శ్రీకాకుళం కలెక్టరేట్‌లోనే ఉండిపోయే అవకాశం ఎక్కువ. తప్పు ఆఫీసుకు పెట్టినా అయిదు రోజుల్లో సరైన చోటికి పంపాలని చట్టంలో ఉంది గానీ, మీరే రెండు కలెక్టరేట్లకూ విడివిడిగా పెట్టేయండి. పెసోకైతే కేంద్ర ఆర్టీఐ పోర్టల్లో పది రూపాయలతో పని అయిపోతుంది. బంకు మిషన్లకు ఏటా ముద్ర వేసే తూనికలు కొలతల శాఖను అడగడం ఎవరికీ తట్టదు, అక్కడ కూడా అడగండి.

ఇంత చేసినా చిన్న ట్యాంకులు దొరకవు. 1934 నాటి పెట్రోలియం చట్టం ప్రకారం ఒక్కో పాత్ర వెయ్యి లీటర్లు మించకపోతే మొత్తం 2,500 లీటర్ల దాకా డీజిల్‌కు లైసెన్సే అక్కర్లేదు. మిల్లు ఇంజన్‌కో జనరేటర్‌కో పూడ్చిపెట్టిన ట్యాంకు ఏ ఫైల్లో ఉంటుంది చెప్పండి? మీ అబ్బాయి చెప్పిన అమెరికాలోనూ పొలాల్లో సొంత వాడకానికి పెట్టుకున్న 1,100 గ్యాలన్ల లోపు ట్యాంకులు ఫెడరల్ నిబంధనల కిందికి రావు.

ఇక్కడే ఈ పోర్టళ్లు కట్టినవాళ్ల మీద నాకు ఒళ్లు మండుతుంది. సర్వే నంబరు తప్పు కొట్టినా, సర్వర్ పడుకున్నా, నిజంగానే రికార్డు లేకపోయినా వచ్చేది ఒకటే మాట, ‘డేటా దొరకలేదు’. ఆ స్క్రీన్‌షాట్ తీసి ‘చూశారా, ఏమీ లేదు’ అని చూపించి స్థలాలు అమ్ముతున్నారు. ఏ కాలం రికార్డులు వెతికిందో కింద ఒక్క లైను రాయడానికి ఏం రోగం?

అసలు టెన్షన్ వేరే ఉంది. మీరు మెయిల్‌కు అమ్మేవాళ్ల లింకు డాక్యుమెంటు (పాత దస్తావేజు) మొత్తం జత చేశారు, ఆధార్ నంబర్లు, వేలిముద్రలతో సహా! నేను ఎవరినని నాకు పంపారు? దస్తావేజుల మీది వేలిముద్రలతో సిలికాన్ ముద్రలు చేసి, ఆధార్ చెల్లింపుల మిషన్‌లో పెట్టి బ్యాంకు ఖాతాలు ఊడ్చేసిన కేసులు తెలుగు రాష్ట్రాల్లోనే బయటపడ్డాయి. ఆ పద్ధతిలో ఓటీపీ కూడా రాదు, డబ్బు పోయాక మెసేజ్ వస్తుంది. అమ్మేవాళ్లకు చెప్పి ఆధార్ సైట్‌లో బయోమెట్రిక్స్ లాక్ చేయించండి, మీరూ చేసుకోండి. రిజిస్ట్రేషన్ రోజున తీసి మళ్లీ లాక్ చేసుకోవచ్చు. ఎవరికైనా కాపీ ఇవ్వాల్సి వస్తే వేలిముద్రల పేజీ తీసేసి ఇవ్వండి. ‘భూమి రికార్డులు’ అంటూ వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్ల (నొక్కితే ఫోన్‌లో యాప్ ఎక్కించేవి) జోలికి అసలు పోవద్దు.

ఈసీలో లీజు కనపడితే మాత్రం తొందరపడి జేసీబీ పెట్టి తవ్వించకండి. ఖాళీ ట్యాంకులోనూ ఆవిరి ఉంటుంది, నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. ముందు అగ్నిమాపక శాఖవాళ్లకు చెప్పండి.

ప్రశ్న: ఫోన్‌లో మెటల్ డిటెక్టర్ యాప్‌తో భూమిలోని ట్యాంకు కనిపెట్టొచ్చా? (చీపురుపల్లి నుంచి)

నమ్మడానికి లేదు. ఫోన్‌లో ఉండేది దిక్సూచి కోసం పెట్టిన సెన్సర్. గోడలో మేకు దగ్గరకు తెస్తే అంకె పెరుగుతుంది. అడుగుల లోతున్న ట్యాంకుకు, పక్కన ఉన్న కంచె తీగకు తేడా చెప్పలేదు. పైగా మీరు పంపిన ఫొటోలో ఆ యాప్ కాంటాక్ట్స్ పర్మిషన్ అడుగుతోంది. ఇనుము వెతకడానికి మీ బావమరిది నంబరు దానికెందుకట?