స్మగ్లింగ్ ఆపేస్తే సముద్ర గుర్రాలు బతికిపోతాయా?

బతకవు. ఒక్క స్మగ్లింగ్ ఆపినంత మాత్రాన అస్సలు బతకవు. స్మగ్లర్లను పట్టుకోవాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఈ ప్రశ్న ఎప్పుడొచ్చినా అందరూ ఎండబెట్టిన సముద్ర గుర్రాల బస్తాల గురించే మాట్లాడతారు, అవి ఆ బస్తాల్లోకి ఎక్కణ్ణుంచి వచ్చాయో అడిగేవాళ్లే ఉండరు. ఎక్కువ శాతం రొయ్యల కోసమో చేపల కోసమో అడుగు దాకా ఈడ్చే ట్రాల్ వలల్లో పడ్డవే.

నేను కొంతకాలం ట్రాలర్ మీద పనిచేశాను. వల పైకి లాగి ముడి విప్పగానే డెక్ మీద కుప్ప పడుతుంది: రొయ్యలు, పీతలు, వేలెడంత చేపలు, బురద, వేళ్లతో సహా ఊడొచ్చిన సముద్రపు గడ్డి. కూర్చుని ఏరుకోవాలి. ఒకసారి ఆ గడ్డిని తీసి పక్కకు విసరబోతుంటే అందులో ఏదో కదిలింది. చూస్తే సముద్ర గుర్రం, తోకను గడ్డిపరకకు గట్టిగా చుట్టేసుకుని ఉంది. మగది. పొట్ట కింది సంచి ఉబ్బి బిగుసుకుపోయింది, అంటే లోపల పిల్లలున్నాయి. బకెట్ నీళ్లలో వేస్తే పక్కకు ఒరిగి తేలింది. వీపు మీది రెక్క కాసేపు సన్నగా వణికి ఆగిపోయింది, కళ్లు మాత్రం చెరో వైపు తిరుగుతూనే ఉన్నాయి. అది పోతే సంచిలోని వందల పిల్లలు కూడా పోయినట్టే. మగది పిల్లల్ని కంటుందట అని వీడియోలు షేర్ చేసి మురిసిపోయేవాళ్లకు ఇది కూడా చూపించాలి.

ఒక పడవకు రోజుకు ఒకటో రెండో పడతాయి, అందుకే ఎవరికీ పట్టదు. కానీ పడవలు ఎన్నున్నాయి? 2017లో వచ్చిన ఒక అంచనా ప్రకారం 21 దేశాల్లో కలిపి ఏటా సుమారు 3.7 కోట్ల సముద్ర గుర్రాలు వలల పాలవుతున్నాయి.

ఇక చట్టాల సంగతి. అంతరించిపోయే ప్రమాదమున్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందంలో వీటిని 2002లో చేర్చారు, 2004 మే నుంచి అమల్లోకి వచ్చింది. ఎగుమతి చేసేవి కనీసం 10 సెంటీమీటర్లు ఉండాలని సూచించారు. వల కొలిచి పట్టదు కదా! కొన్ని దేశాలైతే ఎగుమతులే నిషేధించాయి, అప్పటిదాకా అందరికంటే ఎక్కువ పంపిన థాయ్‌లాండ్ కూడా 2016లో ఆపేసింది. అయినా ఆ తర్వాత హాంగ్‌కాంగ్ వ్యాపారులను అడిగి చూస్తే, అక్కడి ఎండు సరుకులో దాదాపు 95 శాతం నిషేధం ఉన్న దేశాల నుంచే వచ్చిందని తేలింది. 2019లో పెరూలో ఒక్క ఓడలోనే 1.2 కోట్లకు పైగా దొరికాయి. వలలో పడటం ఆగనంత కాలం సరుకు ఏదో దారిన బయటికి పోతూనే ఉంటుంది, నా అభిప్రాయం ఎవరు కాదన్నా ఇంతే.

అక్వేరియం సరదా ఇంకో తలనొప్పి. వీటికి కడుపే ఉండదు, తిన్నది తిన్నట్టు పేగుల్లోంచి పోతుంది కాబట్టి రోజంతా ఏదో ఒకటి తింటూనే ఉండాలి. ఇవేవీ తెలుసుకోకుండా అందంగా ఉందని సముద్రంలో పట్టినదాన్ని కొని తొట్టెలో వేస్తారు, అది ఆకలితో చస్తుంది.

చేయాల్సింది ఒకటే: తీరానికి దగ్గరగా గడ్డి, పగడాలు ఉన్న చోట ట్రాలింగ్ పూర్తిగా ఆపాలి, ఆపినట్టు కాగితం మీద కాకుండా నీళ్ల మీద కాపలా పెట్టాలి. మీలో డైవింగ్ చేసేవాళ్లుంటే, ఎక్కడ కనిపించినా సముద్ర గుర్రాలను కాపాడే ప్రాజెక్ట్ సీహార్స్ సంస్థ వాళ్ల ఐసీహార్స్ వెబ్‌సైట్‌లో నమోదు చేయండి. ఏ తీరంలో ఇంకా మిగిలున్నాయో తెలిస్తేనే అక్కడ వల వేయొద్దని గట్టిగా అడగగలం.