వీడియో చూసి అమ్మ షుగర్ మాత్ర మానేసింది, ఎవరి మాట నమ్మాలి?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరు, రొయ్యల చెరువులు చేస్తాం. అమ్మకి 58 ఏళ్లు. ఆరేళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతోంది. అది కిడ్నీలు పాడుచేస్తుందని ఫోన్‌లో చూసి పది రోజులుగా మానేసి కాకరకాయ రసం తాగుతోంది. ఇంకో వీడియోలో మానొద్దంటున్నారు. ఇద్దరూ తెల్లకోటు వేసుకున్నవాళ్లే!

జవాబు: రేపు పరగడుపున అమ్మగారికి షుగర్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, యూరిన్ అల్బుమిన్ పరీక్షలు చేయించండి. విపరీతమైన దాహం, వాంతులు, మగత ఉంటే మాత్రం రేపటిదాకా ఆగకుండా ఇవాళే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మెట్‌ఫార్మిన్ కిడ్నీలను పాడుచేయదు. పాడుచేసేది అదుపు తప్పిన షుగర్, బీపీ. అయితే కిడ్నీలు అప్పటికే దెబ్బతిన్నవాళ్లలో ఈ మందు ఒంట్లోంచి సరిగా బయటికి పోదు కాబట్టి ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే అంకె, క్రియాటినిన్ నుంచి లెక్కిస్తారు) 45 కన్నా తగ్గితే మోతాదు తగ్గిస్తాం, 30 కన్నా తగ్గితే ఆపేస్తాం. ఆ వీడియోలు ఈ ఆపేస్తాం అన్న ముక్కనే పట్టుకుని మిగతాదంతా వదిలేస్తాయి. పైగా ఇదే కుటుంబానికి చెందిన ఫెన్‌ఫార్మిన్ అనే మందుతో రక్తంలో ఆమ్లం పెరిగి ప్రాణాలు పోతుంటే 1970ల్లో అమెరికాలో దాన్ని అమ్మకాల్లోంచి తీసేశారు, ఆ చెడ్డపేరు కొంత మెట్‌ఫార్మిన్‌కీ అంటుకుంది. సగం నిజం కాబట్టే జనం నమ్ముతారు, నాకు భయమంతా అక్కడే.

మీ చెరువులో రొయ్య మేత తినకపోతే చెక్ ట్రే ఎత్తి చూస్తారు, నీళ్లు ల్యాబ్‌కి పంపుతారు. గట్టు మీద నిలబడి చెరువు వంక చూడకుండానే ఫలానా మందు చల్లెయ్ అన్నవాడి మాట వింటారా? మందు విషయంలోనూ అలాగే చూడండి. తెలిసినవాడు ముందు రిపోర్ట్ అడుగుతాడు, ఎవరికి పనికిరాదో కూడా చెప్తాడు. మొన్న ఒక పెద్దాయన చూపించిన వీడియో ఆయనతో కలిసి చివరిదాకా చూశాను, ఆఖర్లో పొడి డబ్బా, ఆర్డర్ చేయడానికి ఫోన్ నంబర్. ఆయన కాలి బొటనవేలికి అప్పటికే పుండు పడింది, షుగర్ వల్ల నరాలు మొద్దుబారి నొప్పి కూడా తెలియడం లేదు.

బ్రిటన్‌లో 1977లో మొదలుపెట్టి, కొత్తగా షుగర్ వచ్చిన 5,000 మందికి పైగా రోగుల్ని ఏళ్ల తరబడి గమనించి 1998లో ఫలితాలు చెప్పారు. షుగర్‌ని గట్టిగా అదుపులో ఉంచినవాళ్లలో కళ్లకీ కిడ్నీలకీ జరిగే నష్టం తగ్గింది. మెట్‌ఫార్మిన్‌కి లోపాలు లేవనను. కడుపు ఉబ్బరం రావచ్చు, ఏళ్ల తరబడి వాడితే బీ12 విటమిన్ తగ్గొచ్చు, ఆరేళ్లయింది కాబట్టి అదీ ఒకసారి చూపించండి.

రిపోర్టులు, మాత్రల స్ట్రిప్, ఆ వీడియో ఉన్న ఫోన్ మూడూ పట్టుకుని అమ్మగారిని మీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, ఆవిడ భయమేంటో ఆవిడనే చెప్పనివ్వండి. కోప్పడొద్దు. కాకరకాయ కూర వండుకుని తినమనండి, మాత్ర బదులు రసం మాత్రం వద్దు.