అనుమానం ప్రమాణం ఎలా అవుతుంది?

సందేహం: మాది పర్లాకిమిడి. బడిలో ఒడియాలో సైన్సు చెబుతాను, ఇంట్లో తెలుగు. ఒడియాలో ‘అనుమాన’ అంటే ఊహ, అంచనా. తెలుగులో అనుమానమంటే డౌటే కదండీ! మరి తర్కం పుస్తకాల్లో దాన్ని ప్రమాణాల్లో, అంటే సరైన జ్ఞానాన్నిచ్చే సాధనాల్లో, ఎందుకు చేర్చారు? సైన్సు వ్యాసంలో వాడవచ్చా?

సమాధానం: మీ ఒడియా మాటే మూలానికి దగ్గర. కనబడినదాన్ని బట్టి కనబడనిదాన్ని తెలుసుకోవడం సంస్కృతంలో అనుమానం. డౌటుకు అక్కడ ‘సంశయం’ అని వేరే మాట ఉంది, దాన్ని న్యాయశాస్త్రం (లా కాదు, పాత తర్కశాస్త్రం) యథార్థజ్ఞానంలో చేర్చనే లేదు. మనమేమో ‘వస్తాడో రాడో అనుమానమే’ అంటాం, పేపర్లో ‘అనుమానాస్పద మృతి’ చదువుతాం. సాక్షి కావలసిన మాటను ముద్దాయిల బోనెక్కించాం.

పోడు కాల్చే రోజుల్లో మహేంద్రగిరి వైపు కొండ మీద పొగ లేస్తే, మీరు వెళ్లి చూడకుండానే నిప్పుందంటారు. తార్కికుల పాత ఉదాహరణ కూడా అచ్చంగా ఇదే. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉండితీరడాన్ని వాళ్లు ‘వ్యాప్తి’ అన్నారు. తిరగేస్తే చెల్లదు. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పుంది, పొగ లేదు. నిప్పుకు పచ్చికట్టె తోడైతేనే పొగ. ఆ షరతు పేరు ‘ఉపాధి’. (ఇప్పుడు ఉపాధి అంటే మనకు ఉద్యోగం. ఆ గొడవ మరోసారి.)

సైన్సు చేసేదీ ఇదే. యురేనస్ నడకలో తేడాను బట్టి మరో గ్రహం ఉండాలని ఫ్రెంచి ఖగోళవేత్త లెవెరియే న్యూటన్ గురుత్వాకర్షణ నియమంతో లెక్క కట్టాడు. 1846లో బెర్లిన్‌లో గాలే అనే ఖగోళవేత్త వెతికితే, చెప్పిన చోటికి దగ్గర్లోనే నెప్ట్యూన్ కనబడింది. బుధుడి నడకలోనూ తేడా ఉంటే, దాని కక్ష్యకు లోపల ఇంకో గ్రహమో, చిన్న గ్రహాల గుంపో ఉండాలని 1859లో అదే మనిషి అన్నాడు. అది దొరకలేదు. లోటు న్యూటన్ నియమంలోనే ఉందని 1915లో ఐన్‌స్టీన్ లెక్కతో తేలింది. కాబట్టి ‘నెప్ట్యూన్‌తో న్యూటన్ నియమం రుజువైంది’ అని రాయకండి, ‘బలం చేకూరింది’ అనండి.

ఇక వాడుక. తర్కం గురించి రాస్తే ‘అనుమాన ప్రమాణం’ అనే ఉంచండి. అలా తెలుసుకున్న ఫలితానికి ‘అనుమితి’ అనే మాట ఉంది, దానిలో డౌటు వాసన లేదు. పిల్లలకైతే మన ‘బట్టి’ చాలు: ‘యురేనస్ నడకను బట్టి ఇంకో గ్రహం ఉండాలని తేల్చారు.’ ఇక్కడ ‘అనుమానించారు’ అని రాశారో, లెవెరియే కట్టిన లెక్కలన్నీ ఉత్త శంకగా మిగులుతాయి.