బస్టాప్‌లో పడుకునే పిల్లాడికి ముందు బ్యాగు పెట్టుకునే చోటు కావాలి

మీరు అడిగింది నాకు అర్థమైంది. మీ ఆఫీసు దగ్గర బస్టాప్‌లో 19, 20 ఏళ్ల అబ్బాయి నెల రోజులుగా పడుకుంటున్నాడు, డబ్బులిస్తే తీసుకోవట్లేదు, పని ఉంటే చెప్పండి అంటున్నాడు, ఇంటికి తీసుకెళ్లాలంటే భయం, వదిలేయాలంటే మనసొప్పట్లేదు, ఏం చేయాలి అని. నేను చిలకలగూడలో పదకొండేళ్లుగా కర్రీ పాయింట్ నడుపుతున్నాను. సికింద్రాబాద్ స్టేషన్ నుంచి నడిచి వచ్చేంత దూరమే కాబట్టి ఇలాంటి పిల్లలు మా షాపు ముందుకు వస్తూనే ఉంటారు. నేను చేయబోయి చెడగొట్టినవి ఉన్నాయి, నిలబడినవీ ఉన్నాయి, రెండూ చెప్తాను.

ముందు చెడగొట్టింది. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన ఒక పిల్లాడు, ఇంటర్ తప్పి, నాన్నతో గొడవపడి రైలెక్కాడు. రెండు రోజులు మా షాపు షట్టర్ ముందు పడుకుంటే జాలేసి వారం రోజుల్లో అన్నీ నేనే చేసేశాను. హాస్టల్‌కి 4,000 కట్టాను, తెలిసిన మొబైల్ షాపులో నెలకు 10,000 జీతానికి పెట్టించాను, బట్టలు కొన్నాను. తొమ్మిది రోజులు పనికి వెళ్లాడు. పదో రోజు మాయం. ఫోన్ స్విచాఫ్. నాకు ఎంత కోపమొచ్చిందంటే ఆ తర్వాత ఏడాది దాకా ఎవరైనా పని అడిగితే లేదు పో అని పంపేశాను. అలా పంపేసిన వాళ్ల ముఖాలు ఇప్పటికీ గుర్తొస్తాయి.

ఆ పిల్లాడు చాలా నెలల తర్వాత ఒక రోజు వచ్చి చెప్పాడు. జీతం నెలాఖరుకి, తిండి మాత్రం రోజూ కావాలి. పొద్దున హాస్టల్‌లో పెడతారు, మధ్యాహ్నం ఏం తినాలి, బస్సుకి ఏం పెట్టాలి. రోజూ నన్ను అడగాలంటే సిగ్గు. తొమ్మిదో రోజు సాయంత్రం క్యాటరింగ్ మేస్త్రీ ఫోన్ చేసి రాత్రికి 600 ఇస్తా, భోజనం కూడా అక్కడే అన్నాడట, వెళ్లిపోయాడు. "పొద్దుగాల షాపుకి పోలేకపోయిన అక్కా, మళ్ల నీ ముఖం ఎట్ల చూడాలె" అన్నాడు. నాకప్పుడు తెలిసింది, నేను ముప్పై రోజుల లెక్క వేయకుండానే వాడిని పనిలో పెట్టాను అని. చేతిలో రూపాయి లేనివాడు నెల జీతం ఉద్యోగం చేయలేడు. ఎంత మంచి ఉద్యోగమైనా సరే.

ఈ క్యాటరింగ్ విషయం ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే మన హైదరాబాద్‌లో రోడ్డు మీద ఉండే 18 నుంచి 25 ఏళ్ల మగపిల్లల్లో నేను చూసినవాళ్లు చాలామంది ఇదే పనిలో ఉంటారు. ఫంక్షన్ హాల్లో ప్లేట్లు తీయడం, వడ్డించడం, గిన్నెలు మోయడం. ఆధార్ అడగరు, అడ్రస్ అడగరు, ఆ రాత్రికి డబ్బులు, తిండి, హాల్లోనే ఏదో మూల నిద్ర. లగ్గాలు ఉన్నన్ని రోజులు వాళ్లు రోడ్డు మీద ఉన్నట్టే మనకు కనపడరు. ఆషాఢం వచ్చినా, మూఢం వచ్చినా ముహూర్తాలు ఉండవు, పని ఉండదు, అప్పుడు ఒక్కసారిగా స్టేషన్ చుట్టుపక్కల, బస్టాపుల్లో కనిపిస్తారు. పైగా ఆషాఢం అంటే వానలు. మీ బస్టాప్ అబ్బాయి కూడా ఇలాంటి వాడేమో మెల్లగా అడిగి చూడండి. అదే అయితే వాడు సోమరి కాదు, ఏడాదిలో సగం రోజులు రాత్రంతా నిలబడి పనిచేసేవాడు.

ఇప్పుడు నిలబడినది. మూడేళ్ల కిందట ఆషాఢంలోనే, ఒక అబ్బాయి మధ్యాహ్నం పూట వచ్చి కూర అడగలేదు, పని అడగలేదు. "అక్కా, ఈ బ్యాగు రెండు గంటలు మీ దగ్గర పెట్టుకుంటరా, ఇంటర్వ్యూకి పోవాలె" అన్నాడు. బట్టలు, దుప్పటి, సర్టిఫికెట్లు అన్నీ అందులోనే. ఆ బ్యాగుతో వెళ్తే సెక్యూరిటీ వాళ్లే గేటు దగ్గర ఆపేస్తున్నారట, లోపలికి వెళ్లినా వీడికి ఇల్లు లేదని చూడగానే తెలిసిపోతుంది. బయట పెడితే పోతుంది, ఒకసారి పోయింది కూడా. బ్యాగు పెట్టుకునే చోటు లేక ఒక మనిషి ఉద్యోగానికి వెళ్లలేకపోవడం ఏంటని ఆ రోజంతా అదే ఆలోచించాను. ఆ రోజు నుంచి మా షాపు అటక మీద బ్యాగులకి చోటు పెట్టాం, ఫోన్ చార్జింగ్‌కి ఒక ప్లగ్గు. దీనికి రూపాయి ఖర్చు లేదు. మీకు ఏదో ఒకటి ఇవాళే మొదలుపెట్టాలనిపిస్తే ఇదే చేయండి, మీ ఆఫీసు సెక్యూరిటీ గదిలోనో, పక్కన టీ కొట్టులోనో మాట్లాడి బ్యాగుకి చోటు ఇప్పించండి.

ఈసారి నేను ఒక్కదాన్నే మీదేసుకోలేదు. మా గల్లీలో ఎలక్ట్రికల్ షాపు భాయ్, సందు చివర బాయ్స్ హాస్టల్ నడిపే ఆంటీ, పైన ఉండే బ్యాంకులో చేసి రిటైరైన సార్, ఇంకా కొన్ని ఇళ్లు. మొత్తం పన్నెండు మంది నెలకు 300 చొప్పున వేస్తే 3,600 వస్తుంది. హాస్టల్ ఆంటీ ఆరుగురు ఉండే గదిలో బెడ్‌ని అడ్వాన్సు లేకుండా 3,500కి ఇచ్చింది. అంటే ఒక్కసారి ఒక్క పిల్లాడికే, అంతకు మించి మా వల్ల కాదు. మొదటి నెల మొత్తం మేం కడతాం, రెండో నెల సగం, మూడో నెల నుంచి వాడిదే. తిరిగి ఇవ్వక్కర్లేదు అని మొదటే చెప్పేస్తాం, అప్పు అనే మాట వస్తే మళ్లీ ముఖం చాటేస్తారు.

అసలు కీలకం భాయ్ చేసిన పని. ఆ అబ్బాయిని తన షాపులోనే పనికి పెట్టుకుని, మొదటి నెల రోజూ సాయంత్రం 350 లెక్క, 300 చేతికి, 50 వాడి పేరు రాసిన కవర్లో. రెండో నెల వారానికోసారి. మూడో నెల నుంచి నెల జీతం. ఇలా మెల్లగా అలవాటు చేస్తే నిలబడ్డాడు. మీకు తెలిసినవాళ్ల దగ్గర పని పెట్టిస్తే ఈ ఒక్క షరతు ముందే మాట్లాడండి, మొదటి నెల ఏరోజు కూలీ ఆరోజే ఇవ్వాలని. ఓనర్లు ఒప్పుకుంటారు, వాళ్లకి ఇది తట్టదంతే.

కాగితాల పని బ్యాంకు సార్ చూశారు. ఇందులో చాలా ఓపిక కావాలి. హాస్టల్‌కి ఆధార్ జిరాక్స్ కావాలి, డెలివరీ పనికి కావాలి, బ్యాంకు ఖాతాకి కావాలి. ఆ అబ్బాయికి చిన్నప్పుడు తీసిన ఆధార్ ఉంది కానీ కార్డు పోయింది, అప్పుడిచ్చిన ఫోన్ నంబరు ఇప్పుడు ఎవరి దగ్గర ఉందో తెలియదు, ఓటీపీ రాదు. 15 ఏళ్లప్పుడు చేయించాల్సిన వేలిముద్రల అప్‌డేట్ ఎవరూ చేయించలేదు. ఆధార్ సేవా కేంద్రానికి మనిషి స్వయంగా వెళ్తే వేలిముద్రలతోనో కంటి స్కాన్‌తోనో వెతుకుతారు, కొత్త ఫోన్ నంబరు ఎక్కించడానికి వేరే కాగితమేమీ అక్కర్లేదు. అడ్రస్ ప్రూఫ్ లేనివాళ్లకి కూడా దారి ఉంది, గుర్తింపు ఉన్న షెల్టర్ హోమ్ నడిపే అధికారి, లేదా గెజిటెడ్ అధికారి, ఎమ్మెల్యే లాంటివాళ్లు ఆధార్ వాళ్ల నిర్ణీత ఫారం మీద సంతకం పెట్టి ఇస్తే చెల్లుతుంది. ఆ ఫారం మూడు నెలలే పనికొస్తుంది, కాబట్టి తీసుకుని ఇంట్లో పెట్టుకోవద్దు. పిల్లాడిని ఒక్కడినే పంపితే రేపు రా అంటారు, పక్కన ఒక పెద్దమనిషి నిలబడితే పని అవుతుంది. సార్ నాలుగుసార్లు తిరిగారు. ఆధార్ చేతికొచ్చాక జన్‌ధన్ ఖాతా తెరిపించడం ఒక్క పూట పని.

ఇంకో సంగతి అప్పుడే బయటపడింది. ఆ అబ్బాయి ఏడేళ్లప్పటి నుంచి పిల్లల హోమ్‌లో పెరిగాడు. 18 నిండగానే సర్టిఫికెట్లు చేతిలో పెట్టి పంపించారు, ఆ తర్వాత ఏంటో ఎవరూ చెప్పలేదు. నిజానికి 2015 నాటి జువైనల్ జస్టిస్ చట్టం ప్రకారం హోమ్ నుంచి బయటికొచ్చిన పిల్లలకి 21 ఏళ్ల వరకు ఆఫ్టర్ కేర్ సాయం ఉంటుంది, కేంద్ర ప్రభుత్వ పథకం మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో దరఖాస్తు పెట్టాలి. మేం పెట్టాం, హోమ్ నుంచి కాగితాలు రావడానికే నెలలు పట్టింది, అయినా వదల్లేదు. మీ బస్టాప్ అబ్బాయి ఎక్కడ పెరిగాడో తప్పకుండా కనుక్కోండి, వయసు 21 దాటితే ప్రత్యేక పరిస్థితుల్లో తప్ప ఈ దారి మూసుకుపోతుంది.

18 లోపు అని ఏ మాత్రం అనుమానమొచ్చినా మాత్రం ఇవేవీ చేయకండి. పనిలో పెట్టకండి, ఇంట్లో ఉంచుకోకండి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. దొరికిన పిల్లల్ని 24 గంటల లోపు బాలల సంక్షేమ కమిటీ ముందుకు తీసుకెళ్లాలని చట్టమే చెప్తోంది. స్టేషన్ లోపలైతే ఆర్‌పీఎఫ్ వాళ్లకి చెప్పండి. ఆడపిల్ల అయితే 18 దాటినా తెల్లారేదాకా ఆగొద్దు, మహిళల హెల్ప్‌లైన్ 181కి చేయండి, ఆపదలో ఉన్న ఆడవాళ్ల కోసం నడిపే సఖి కేంద్రంలో ఐదు రోజుల వరకు ఉండనిస్తారు, ఆ లోపు తర్వాతి ఏర్పాటు చూడొచ్చు. మా గల్లీ ఆడవాళ్లం ఒకసారి రాత్రి పదకొండింటికి ఒక అమ్మాయి దగ్గర ఇద్దరం కూర్చున్నాం, వాళ్లు వచ్చేదాకా కదలకుండా.

జీహెచ్‌ఎంసీ నైట్ షెల్టర్ల గురించి కూడా చెప్తాను. ఉచితం. లక్ష జనాభాకి కనీసం వంద మందికి చోటు ఉండాలని, 24 గంటలూ తెరిచి ఉంచాలని నియమం. పేరు నైట్ షెల్టర్ కాబట్టి చాలామంది పగలు ఉండనివ్వరనుకుంటారు, గట్టిగా అడగండి. కానీ కుర్రాళ్లు ఒక రాత్రి ఉండి పారిపోతారు, ఎందుకంటే పక్కన తాగి వచ్చిన పెద్దవాళ్లు, దిండు కింద పెట్టిన ఫోన్ పొద్దున ఉండదు. అందుకే మీరు వెంట వెళ్లి కేర్‌టేకర్‌తో మాట్లాడి, ఫోన్, కాగితాలు మీ దగ్గర ఉంచుకుంటే ఆ మొదటి వారం గడుస్తుంది. తిండికి 5 రూపాయల భోజనం కేంద్రాలు ఉన్నాయి, గురుద్వారాలో లంగర్ అని ఉచిత భోజనం ఉంటుంది, తిండి విషయంలో మన ఊరు చేయి వదలదు.

మత్తు అలవాటు ఉంటే, సొల్యూషన్ పీల్చడమో గంజాయో, తిట్టకండి. చలికి, ఆకలికి, భయానికి మొదలుపెడతారు. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి ఓపీకి ఎవరైనా వెంట తీసుకెళ్లాలి, రాత్రిపూట మనసు బాగాలేదంటే హెల్ప్‌లైన్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు. పనిలో పెట్టకముందే ఇది చూసుకోండి, లేకపోతే మొదటి కూలీ అటే పోతుంది.

ఇంకా కొన్నాళ్లకి చదువు, పని నేర్చుకోవడం. టెన్త్ తప్పినవాళ్లకి తెలంగాణ ఓపెన్ స్కూల్, ఎలక్ట్రీషియన్, ప్లంబింగ్ లాంటి వాటికి హైటెక్స్ పక్కన ఉన్న నిర్మాణ పనుల శిక్షణ సంస్థ న్యాక్, తక్కువ ఫీజు కోర్సులకి ప్రభుత్వ శిక్షణ సంస్థ సెట్విన్. కానీ మంచం లేనివాడికి మొదటి వారమే ట్రైనింగ్ అని చెప్పకండి, నిద్ర లేకుండా క్లాసులో ఎవరు కూర్చుంటారు.

ఆ బ్యాగు అబ్బాయి కూడా రెండో నెలలో మాయమయ్యాడు. అయిదు రోజులు. పాత అనుభవంతో నాకు గుండె జారిపోయింది. ఈసారి మాత్రం హాస్టల్ ఆంటీ బెడ్ ఎవరికీ ఇవ్వలేదు, భాయ్ కవర్ తీసి పారేయలేదు, నేను బ్యాగు కిందికి దించలేదు. ఆరో రోజు వచ్చాడు. ఎవరో ఫ్రెండ్‌కి జ్వరమొస్తే గాంధీ ఆసుపత్రిలో తోడున్నాడట, ఫోన్‌లో చార్జింగ్ లేదట. నిజమో కాదో నేను అడగలేదు. "తిన్నవా నాయినా" అని ప్లేటు పెట్టాను. ఆ మరుసటి ఏడాది లష్కర్ బోనాలకి మా గల్లీలో నీళ్ల డ్రమ్ములు మోసింది, సీరియల్ లైట్లు కట్టింది అంతా వాడే, ఇంటింటికీ వాడి పేరు తెలిసింది. అప్పటిదాకా కొందరు "వాణ్ని ఎందుకు తెచ్చి పెట్టిండ్రు" అని నన్ను నిలదీసినవాళ్లే ఇళ్లల్లో ఫ్యాన్ ఆగితే వాణ్ని పిలవడం మొదలుపెట్టారు. ఇప్పుడు సొంతంగా వైరింగ్ పనులు ఒప్పుకుంటున్నాడు, ఇద్దరితో కలిసి వారాసిగూడలో రూమ్ తీసుకున్నాడు, నెలకు 300 వేసేవాళ్లలో పదమూడో వాడు వాడే.

అందరూ ఇలా అవుతారని చెప్పను. ఈ మూడేళ్లలో మేం తొమ్మిది మందితో మొదలుపెట్టాం, అయిదుగురు నిలబడ్డారు, ఇద్దరు ఇళ్లకి వెళ్లారు, ఇద్దరి జాడ తెలియదు. ఆ ఇద్దరిలో ఒకడి బ్యాగు ఇంకా మా అటక మీదే ఉంది.

మీరు రేపు వెళ్లినప్పుడు వాడి పేరు అడగండి, ఎంత వయసో, ఎక్కడ పెరిగాడో, ఆధార్ ఉందో లేదో కనుక్కోండి. తర్వాత ఆఫీసులో ఒక అయిదారుగురితో మాట్లాడండి, డబ్బు ఇచ్చేవాళ్లు ఇద్దరు, కాగితాల కోసం తిరిగేవాళ్లు ఒకరు, రోజు కూలీకి పని ఇచ్చేవాళ్లు ఒకరు దొరికితే చాలు. ఆఫీసు సికింద్రాబాద్ వైపైతే నాకు మెసేజ్ పెట్టండి. ఈ నెల హాస్టల్ బెడ్ ఖాళీగానే ఉంది, షాపు రాత్రి పదింటి దాకా తెరిచే ఉంటుంది, బ్యాగుతో పంపించండి.