ప్రిజర్వేషన్ హాల్ బ్యాండ్‌లో పాతవాళ్ళెవరూ లేరు, ఇప్పుడు వెళ్ళి వినడం దండగేనా?

అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ వెళ్తున్నారు, అక్కడి ప్రిజర్వేషన్ హాల్ అనే చిన్న హాల్లో జాజ్ సంగీతం వాయించే ప్రిజర్వేషన్ హాల్ జాజ్ బ్యాండ్ అరవై ఏళ్ళ నాటిదంటున్నారు, కానీ అప్పటివాళ్ళు ఒక్కరూ మిగల్లేదు కాబట్టి పేరు చూసి టికెట్ కొనడం అవసరమా అని మీ ప్రశ్న. అవసరమే. మేం హ్యూస్టన్‌లో ఉంటాం, ఐ-10 హైవే మీద ఐదారు గంటల దారి, ఇంటికి చుట్టాలు ఎవరొచ్చినా అటు తీసుకెళ్తుంటాం. ఆ హాల్లో కూర్చుని విన్నాను కాబట్టే ఇంత గట్టిగా చెప్తున్నా.

అసలు ఈ బ్యాండ్‌కి ఫలానా ఐదుగురు, ఆరుగురు అంటూ మొదట్నుంచీ లేరు. 1950ల్లో ఊళ్ళోని పాతపేట ఫ్రెంచ్ క్వార్టర్‌లో, సెయింట్ పీటర్ వీధి 726 నంబర్లో, ల్యారీ బోరెన్‌స్టీన్ అనే ఆయన ఆర్ట్ గ్యాలరీ నడిపేవాడు. షాపు వదిలి పాట వినడానికి వెళ్ళడం కుదరక, వాయించేవాళ్ళనే షాపుకి పిలిపించుకునేవాడు. 1961లో పెన్సిల్వేనియా నుంచి కొత్తగా పెళ్ళయిన జంట ఆలన్ జాఫీ, శాండ్రా జాఫీ ఆ ఊరొచ్చి, ఆ సంగీతం విని, ఇక అక్కడే ఉండిపోయారు. ఆ గ్యాలరీయే ప్రిజర్వేషన్ హాల్ అయింది, దాన్ని నడిపే బాధ్యత వాళ్ళ చేతికొచ్చింది. శాండ్రా గుమ్మం దగ్గర బుట్ట పట్టుకుని కూర్చునేది, ఎవరికి తోచింది వాళ్ళు వేసేవాళ్ళు. ఆలన్ ట్యూబా (లోతైన మోత ఇచ్చే పెద్ద ఇత్తడి బూర) వాయించేవాడు కూడా.

అప్పటికి జనం రాక్ అండ్ రోల్ వైపు వెళ్ళిపోయారు, జాజ్‌లోనే కొత్త తరం వేరే దారి పట్టింది. జాజ్ పుట్టిన ఊళ్ళో, దాన్ని చిన్నప్పట్నుంచీ వాయించిన నల్లజాతి కళాకారులు అరవై ఏళ్ళ వయసులో పని లేకుండా ఉన్నారు. జార్జ్ లూయిస్, కిడ్ థామస్ వాలెంటైన్, విల్లీ, పెర్సీ హంఫ్రీ అన్నదమ్ములు, పియానో మీద స్వీట్ ఎమ్మా బ్యారెట్. ఎమ్మాగారు కాలికి గజ్జెల్లాంటి చిన్న గంటలు కట్టుకుని తాళం వేస్తూ వాయించేది. 1967లో పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయినా మానలేదు, కుడిచేత్తోనే కొనసాగించింది. ఇలాంటివాళ్ళలో ఆ రాత్రికి ఎవరు కుదిరితే వాళ్ళు వాయించేవాళ్ళు. 1963 నుంచి అదే పేరుతో టూర్లు మొదలయ్యాయి.

ఇంకోటి కూడా తెలుసుకుని వెళ్ళండి. ఆ రోజుల్లో అక్కడ తెల్లవాళ్ళు, నల్లవాళ్ళు ఒకే గదిలో కలిసి కూర్చోవడమే చట్టవిరుద్ధం. ఈ హాల్లో కలిసే కూర్చున్నారు, కలిసే వాయించారు, అందుకు శాండ్రా అరెస్టు కూడా అయింది. నాకైతే బ్యాండ్ చరిత్రలో అన్నిటికన్నా పెద్ద విషయం ఇదే, దాన్ని వదిలేసి రికార్డులు, అవార్డుల గురించి మాట్లాడటం నాకు నచ్చదు.

ఆలన్ 1987లో చనిపోయాడు. కొడుకు బెన్ 1993లో కాలేజీ పూర్తి చేసి వచ్చి బ్యాండ్ పగ్గాలు తీసుకున్నాడు, అతనూ ట్యూబా, బేస్ వాయిస్తాడు. 2005లో కత్రీనా తుఫానుకి హాలు నిలిచింది కానీ వాయించేవాళ్ళ ఇళ్ళు పోయాయి, మనుషులు చెల్లాచెదురయ్యారు. ఆ తర్వాత బ్యాండ్‌లో చేరిన చార్లీ గాబ్రియేల్ 1932లో పుట్టినాయన, నాలుగు తరాలుగా సంగీతమే వృత్తిగా ఉన్న కుటుంబం. 2013లో మొత్తం సొంత పాటలతో మొదటిసారి ఆల్బమ్ చేశారు, మ్యూజియంలా మిగిలిపోకూడదనే పట్టుదల అందులో వినిపిస్తుంది.

మన దగ్గర సన్నాయి మేళాల్లో పిల్లలు పెద్దవాళ్ళ పక్కన కూర్చుని ఏళ్ళ తరబడి తాళం వేసి, తర్వాతే వాద్యం పట్టేవాళ్ళు కదా, ఇదీ అలాంటిదే. పెర్సీ హంఫ్రీ పక్కన కూర్చుని వాయించినవాడి పక్కన ఇంకొకడు కూర్చున్నాడు. పేరు ఆ వరుసకి, ఒక మనిషికి కాదు. అందుకే ఇది అదే బ్యాండ్ అంటాను.

గది చాలా చిన్నది. రంగు వెలిసిన గోడలు, నాలుగు బెంచీలు, ముందు నేల మీద పరుపుల్లాంటి మెత్తలు. మైకుల్లేవు, మందు అమ్మరు, వాయిస్తుండగా ఫోటోలు తియ్యనివ్వరు. నేను నేల మీదే కూర్చున్నా, ట్రాంబోన్ అనే బూర జారుడు గొట్టం ముందుకి చాచినప్పుడల్లా మొహానికి జానెడు దూరంలో ఆగేది, ట్యూబా మోత నేలలోంచి ఒంట్లోకి ఎక్కేది. ఏ స్పీకర్లోనూ అది రాదు. పాట అడిగితే ఎంతివ్వాలో పాత బోర్డు ఒకటుంది, అందరూ అడిగే ‘సెయింట్స్’ పాటకి అన్నిటికన్నా ఎక్కువ! ఏళ్ళ తరబడి రోజూ అదే పాట వాయించాల్సి వస్తే ఎవరైనా అంతే పెడతారు.

షో ముప్పావుగంటే ఉంటుంది, టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు వెంట ఉంటే మాత్రం సీట్లున్న టికెట్ చూసుకోండి. వెళ్ళే ముందు స్వీట్ ఎమ్మా 1964 రికార్డు ఒకసారి వినండి, తర్వాత బ్యాండ్ 2013 ఆల్బమ్ వినండి.