బస్సుల మధ్య సైకిలు

ప్రశ్న: మెహదీపట్నం నుంచి గచ్చిబౌలిలోని ఆఫీసుకు సైకిలు మీద వెళ్లాలనుకుంటున్నాను. రోడ్డు ఎడమ అంచుకు పూర్తిగా ఒదిగి తొక్కడమే క్షేమమా?

జవాబు: కాదు. ఆగి ఉన్న కారు తలుపు హఠాత్తుగా తెరుచుకుంటే తప్పుకోవడానికి చోటుండదు కనుక, అటువంటి వాహనాలకు కనీసం మీటరు దూరంలో, అటూ ఇటూ ఊగకుండా తిన్నగా సాగండి. అన్నిటికన్నా ప్రమాదకరమైనది బస్సుకు ఎడమపక్క నుంచి దూరడం. అది ఎడమకు మలుపు తిరిగేటప్పుడు వెనుక చక్రాలు ముందు చక్రాల కన్నా లోపలికి జరిగి వస్తాయి, పైగా ఆ చోటు డ్రైవరుకు అద్దంలో సరిగా కనబడదు. స్టాపులో బస్సు ఆగితే, ఎంత తొందరున్నా, దాని వెనుకే నిలవండి. చీకటి పడితే వెనుక ఎర్రదీపం తప్పనిసరి. ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో ప్రారంభమైన, సౌరఫలకాల కప్పున్న 23 కిలోమీటర్ల సైకిలు దారి సాధనకు అనువైనదే గాని, మీ ఆఫీసు దారిలో అది అక్కరకు రాదు.