పాట వస్తే కథ ఆగకూడదంటే ఇవి చూడండి

"పాట మొదలవగానే కథ ఆగిపోతోంది, పైగా అన్నీ తియ్యతియ్యగా ఉంటున్నాయి, కాస్త డార్క్‌గా ఉండే మ్యూజికల్స్ చెప్పండి" అన్నారు కదండీ. ముందు 'క్యాబరే' (1972) చూడండి. 1931 నాటి బెర్లిన్, నాజీలు బలపడుతున్న రోజులు. ఒక్కటి తప్ప పాటలన్నీ క్లబ్ స్టేజీ మీదే. ఆ ఒక్క పాటే మిమ్మల్ని వదలదు. ఎండ కాస్తున్న తోటలో జనం బీరు తాగుతుంటే ఒక కుర్రాడు కమ్మగా పాడుతుంటాడు. మొదట ముఖమే కనిపిస్తుంది. కెమెరా మెల్లగా కిందికి దిగితే చేతికి నాజీల స్వస్తిక పట్టీ! చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కొక్కరే లేచి గొంతు కలుపుతారు. ఒక ముసలాయన మాత్రం లేవడు. నాకైతే ఒళ్లు జలదరించింది.

తర్వాత 'డాన్సర్ ఇన్ ది డార్క్' (2000). చూపు పోతున్న ఫ్యాక్టరీ కార్మికురాలిగా ఐస్‌లాండ్ గాయని బ్యోర్క్ చేసింది. అక్కడి మెషిన్ల చప్పుడే తాళమై పాటైపోతుంది. కాన్స్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో ఉత్తమ నటి అవార్డు ఊరికే రాలేదు. చాలా బరువైన సినిమా, మనసు బాగోలేని రోజు మాత్రం పెట్టుకోకండి.

ఇంకా వింతగా కావాలంటే పోలండ్ సినిమా 'ది లూర్' (2015) ఉంది. నైట్‌క్లబ్‌లో పాడే మత్స్యకన్యలు, మనుషుల్ని తినే రకం. రక్తం చూడలేకపోతే దీన్ని, గొంతులు కోసే మంగలి కథతో వచ్చిన మ్యూజికల్ 'స్వీనీ టాడ్'ని వదిలేయండి. 'క్యాబరే' చూశాక ఎలా అనిపించిందో తప్పకుండా రాయండి.